ఆవిణ్ణి నువ్వు అన్న రోజు

వాగుడుకాయకి ఆ పేరు ఊరికే రాలేదు. పక్కగుడ్డలు మారుస్తూ మాట్లాడుతుంది, అన్నం తినిపిస్తూ మాట్లాడుతుంది, మనిషి దొరక్కపోతే బకెట్టుతోనైనా మాట్లాడుతుంది. ఆ వృద్ధుల ఆసుపత్రిలో ఆయాలు చాలామందే ఉన్నారు గానీ, గుక్క తిప్పుకోకుండా వాగే ఆయా ఆమె ఒక్కతే. అందుకే పెద్ద సిస్టరు ఏరికోరి ఆమెని కిటికీ పక్క మంచానికి వేసింది.

"ఆవిడ నోరు విప్పదు, నువ్వు నోరు ముయ్యవు. జోడీ కుదిరింది పో" అంది. వార్డంతా నవ్వింది. వాగుడుకాయ కూడా నవ్వింది.

కిటికీ పక్క మంచం ఆవిడకి వార్డు పెట్టిన పేరు మూగమ్మ. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి, వాటితోపాటు మాటా పడిపోయింది. పేరడిగితే చూస్తుంది, మంచినీళ్ళు కావాలా అంటే చూస్తుంది. ఆ చూపు మాత్రం తీక్షణంగా, తప్పు పట్టుకుందామని కూర్చున్నట్టు ఉంటుంది. అయితేనేం, వాగుడుకాయకి అలాంటి శ్రోత పుట్టి బుద్ధెరిగాక దొరకలేదు. అడ్డు తగలదు, విసుక్కోదు, నిన్ననే చెప్పావుగా అనదు.

సోమవారం పొద్దున తల దువ్వుతోంది. ఆవిడ జుట్టు తెల్లగా, పల్చగా, పడుకుని పడుకుని వెనక అట్టకట్టి ఉంది. వాగుడుకాయ ముందు వేళ్ళతో చిక్కు విడదీసి, కుదుళ్ళు ఒక చేత్తో పట్టుకుని, చివర్ల నుంచి పైకి దువ్వుకుంటూ వస్తోంది. అలా అయితే నెప్పి తెలియదు. కానీ మాటల ధ్యాసలో ఓ చిక్కు చటుక్కున లాగేసింది.

"ఆయ్, ముహేర్!" అంది మూగమ్మ.

వాగుడుకాయ చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. ఎంత స్పష్టంగా అందని! అది మూలుగు కాదు, ఖచ్చితంగా తిట్టే. తనని ఎవరైనా తిడితే ఆ సంగతి ఏ భాషలోనైనా తెలుస్తుంది ఆమెకి. పరుగెత్తుకెళ్ళి పెద్ద సిస్టరుకి చెప్పింది.

"శబ్దాలు చేస్తుందని నాకూ తెలుసు. ఇక్కడ రాసే ఉంది, అర్థం లేని శబ్దాలు అని" అంది పెద్ద సిస్టరు, సూదులు లెక్కపెట్టుకుంటూ. "శుక్రవారం డాక్టరుగారు వస్తున్నారు. అడిగినదానికి ఒక్క జవాబైనా చెప్పకపోతే ఆవిణ్ణి పైకి మార్చేస్తాం. నువ్వు కాస్త మనసు దిటవు చేసుకో."

పైకి అంటే పై అంతస్తు. మతి తప్పినవాళ్ళని ఉంచే చోటు. అక్కడ తలుపుకి బయటనుంచి గడియ ఉంటుంది, కిటికీలు మనిషి తలకన్నా ఎత్తులో ఉంటాయి. పదిమందికి ఒక ఆయా. తిన్నారా లేదా అని చూస్తారు, మాట్లాడరు. మాట్లాడి ప్రయోజనం ఏముందని వాళ్ళ ఉద్దేశం. పైకి వెళ్ళినవాళ్ళు మళ్ళీ కిందికి రావడం వాగుడుకాయ ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం మేనకోడలు వచ్చింది. మూగమ్మ భర్తకి మేనకోడలు; ఉద్యోగం నుంచి అటే వచ్చి, చేసంచీ ఒళ్ళో పెట్టుకుని, అలిసిపోయి కూర్చుంటుంది. వాగుడుకాయ పొద్దుటి ముక్క అప్పజెప్పగానే ఆమె నిటారుగా అయింది.

"ముహేర్ అందా? అది స్పానిషండీ, ఏయ్ ఆడదానా అని విసుక్కోవడం. అత్తయ్యది ఈ దేశం కాదు. మామయ్య ఓడలో పనిచేసేటప్పుడు అక్కడ పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాడు. ఇన్నేళ్ళూ మన భాష చక్కగా మాట్లాడింది. ఈ జబ్బుతో మనది మొత్తం తుడిచిపెట్టుకుపోయినట్టుంది."

"మరి డాక్టరుగారితో చెప్పొచ్చుగా తల్లీ?"

"చెప్పాను. ఆ భాష వచ్చినవాళ్ళని తీసుకురమ్మన్నారు. ఈ ఊళ్ళో నేనెక్కణ్ణుంచి తెచ్చేది? మామయ్యకి ఒక్కడికే వచ్చు. ఆయనా పోయాడు."

వాగుడుకాయ మంచం మీది మనిషి వైపు తిరిగింది. అయితే ఆవిడకి మాట పోలేదన్నమాట! మాటంతా లోపలే ఉంది, వినేవాళ్ళే లేరు. తనకి ఎవరైనా అలాంటి శిక్ష వేస్తే మర్నాటికల్లా గుండె పగిలి చస్తుంది. వీళ్ళేమో ఆవిడకి రాని భాషలో ప్రశ్నలడిగి, జవాబు చెప్పలేదు కాబట్టి మతి లేదంటున్నారు. ఇదెక్కడి న్యాయం!

*

వాగుడుకాయ భర్త బస్సు కండక్టరు. పెళ్ళాం ఏది కావాలన్నా "చూద్దాం" అంటాడు, చూస్తాడు కూడా. మంగళవారం సాయంత్రం ఇంటికొస్తూ, రోడ్డు పక్క గోనెపట్టా మీద పాత సామాన్లు అమ్మేవాడి దగ్గర ఓ క్యాసెట్ పట్టుకొచ్చాడు. పైన చీటీ సగం చిరిగిపోయింది గానీ స్పానిష్ అన్న మాట మిగిలింది.

ఇద్దరూ టేప్ రికార్డరు ముందు చతికిలబడ్డారు. ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకుని, మొదటి పాఠం అన్నాడు. "యో సోయ్, నేను. తూ ఎరెస్, నువ్వు. ఎల్ ఎస్, అతను. ఎయా ఎస్, ఆమె. ఉస్తెద్ ఎస్, మీరు." తర్వాత మేము, వాళ్ళు. ఆ తర్వాత కొన్ని ముక్కలు. "యో సోయ్ మెదికో, నేను డాక్టర్ని. ఎయా ఎస్ మాయెస్త్రా, ఆమె టీచరు." అక్కడితో పెద్దమనిషి గొంతు ఠపీమని ఆగి, పసిబిడ్డ కేరింతలు మొదలయ్యాయి. ఎవరో తమ బిడ్డ గొంతు దానిమీదే రికార్డు చేసుకున్నారు. మిగతా క్యాసెట్టంతా ఆ బిడ్డే.

"అయిపోయింది నీ చదువు" అన్నాడు కండక్టరు.

"ఉన్నంతవరకే నేర్చుకుంటా. మీరు వెనక్కి తిప్పండి."

వెనక్కి తిప్పారు. మళ్ళీ తిప్పారు. వింటున్నకొద్దీ వాగుడుకాయ ముక్కున వేలేసుకుంది. మనం నేను ఆయాని అంటాం, అయిపోతుంది. వీళ్ళకి అలా కుదరదట. మధ్యలో సోయ్ అని ఓ మాట పెట్టి తీరాలి. అంటే నేను ఉన్నానని చెప్పుకున్నాకే ఆయా అవ్వాలి. పైగా మనిషి మారితే ఆ మాటా వేషం మార్చేస్తుంది. నాకైతే సోయ్, నీకైతే ఎరెస్, అతనికైతే ఎస్. ఎవరు కూర్చారో ఇదంతా! ఎక్కడో సముద్రాల అవతల చంటిపిల్లలు కూడా తడుముకోకుండా ఇవి అనేస్తుంటారు కాబోలు అనుకుంటే ఆమెకి ఒళ్ళంతా పులకరించింది.

"ఏదీ, నాకు అప్పజెప్పు" అన్నాడు భర్త.

"యో సోయ్." తన గుండె మీద చెయ్యి వేసుకుంది. భర్తవైపు చెయ్యి చాపి ఆగిపోయింది.

"ఊఁ? తూ ఎరెస్."

"మిమ్మల్ని నువ్వని ఎలా అనమంటారు? పైగా తూ అంటే మొహాన ఉమ్మేసినట్టుంది."

కండక్టరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "పోనీ పిల్లిని అను."

గుమ్మంలో పక్కింటి పిల్లి కూర్చుని ఉంది. "తూ ఎరెస్ దొంగ!" అంది వాగుడుకాయ. ఆ పాఠంలో ఆ ముక్క ఆమె నోటినుంచి వచ్చింది ఆ ఒక్కసారే. మిగతా మనుషులందరికీ ఉస్తెద్ ఉండనే ఉంది కదా. దేవుడిలాంటి మాట, మీరు. తూ ఉన్న చోటల్లా అదే పెట్టేసుకుని పాఠం వల్లెవేసింది.

*

బుధవారం పొద్దున పక్కగుడ్డ మార్చాలి. మనిషిని మంచం మీంచి దింపకుండా దుప్పటి మార్చడం ఓ విద్య. మూగమ్మని మెల్లగా తనవైపు ఒత్తిగిలించి, మాసిన దుప్పటిని పొడుగునా చుట్టుకుంటూ వెళ్ళి వీపుకి ఆనించాలి. దాని వెంటే ఉతికిన దుప్పటి సగం పరిచి, మిగతా సగం చుట్టి పెట్టాలి. తర్వాత ఆ గట్టు మీదుగా మనిషిని రెండోవైపుకి దొర్లించి, పాతది లాగేసి, కొత్తది బిగించాలి. ఎక్కడా మడత ఉండకూడదు. మడత ఉంటే ఆ చోట వీపు పుండు పడుతుంది.

ఎప్పుడూ కూరగాయల ధరలో పక్కింటి గొడవలో చెప్పే వాగుడుకాయ, ఆరోజు చేతులతోపాటు పాఠం నడిపించింది. దుప్పటి చుడుతూ "యో సోయ్" అంది. పరుస్తూ "ఉస్తెద్ ఎస్" అంది. దొర్లిస్తూ "ఎల్ ఎస్, ఎయా ఎస్" అంది.

మంచం కమ్మీ మీద టక్కుమని చప్పుడైంది.

మూగమ్మ ఎడమచెయ్యి. బల్లమీది చెంచా ఎప్పుడు అందుకుందో, దానితో కమ్మీ మీద కొట్టింది. వాగుడుకాయ భయపడి, నెప్పెట్టిందేమోనని చూసింది. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి.

వాగుడుకాయ మొదటినుంచి మొదలుపెట్టింది. "యో సోయ్. ఉస్తెద్ ఎస్."

టక్. "తూ" అంది మూగమ్మ. గొంతు బొంగురుపోయి ఉంది, కానీ మాట గట్టిగా ఉంది. "తూ. ఎరెస్."

యో తర్వాత తూ రావాలి. వరస తప్పితే ఆవిడకి ఒప్పలేదు. వాగుడుకాయ దుప్పటి కొస పట్టుకుని నోరెళ్ళబెట్టి నించుంది. జబ్బు పడ్డాక ఎవరు ఎన్ని విధాల అడిగినా పలకని మనిషి, తన తప్పు దిద్దడానికి నోరు విప్పింది! అప్పుడు మూగమ్మ చెంచాని తన గుండె మీద ఆనించుకుంది. ఒక్కొక్క ముక్కా కూడదీసుకుంటూ, "యో... సోయ్... మాయెస్త్రా" అంది.

నేను టీచర్ని.

వాగుడుకాయకి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆ తీక్షణమైన చూపు ఏమిటో ఇప్పుడు తెలిసింది. మంచాన పడి, సగం ఒళ్ళు చచ్చి, మూగమ్మ అని పిలిపించుకుంటూ ఆవిడ లోపల బడి నడుపుతూనే ఉంది. సగం పరిచిన దుప్పటి బిగించేసి, పెద్ద సిస్టరు దగ్గరికి ఒక్క పరుగు తీసింది.

పెద్ద సిస్టరు వచ్చి చూసింది, విన్నది. చెడ్డమనిషేం కాదు. కానీ తల అడ్డంగా ఊపింది.

"నీ క్యాసెట్‌లో ఉన్న ముక్కేగా ఇది?"

"అవునండి, కానీ..."

"రోజూ వల్లిస్తే చిలకా పలుకుతుందే. అర్థం తెలిసి అంటోందని ఏం రుజువు? డాక్టరుగారు అదే అడుగుతారు. అనవసరంగా ఆశలు పెట్టుకోకు." వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "అయినా ఆవిడ నోట మాటంటూ నేను వినడం ఇదే" అంది.

*

ఆ రోజంతా పాఠమే. మందులేసేటప్పుడు ఒకసారి, వీపుకి పౌడరు రాసేటప్పుడు ఒకసారి. పాత ఆయాలు పనులు మానుకుని గుమ్మంలో చేరి చూశారు. తప్పు పలికితే చెంచా మోగుతుంది, ఒప్పు పలికితే ఆవిడ పెదవి ఎడమపక్క కాస్త లేస్తుంది. ఆ కాస్త కోసం వాగుడుకాయ పసిపిల్లలా తాపత్రయపడింది.

అయితే ఒక్కచోట బండి నిలిచిపోయింది. గురువారం మధ్యాహ్నం మూగమ్మ చెంచా తన గుండె మీద పెట్టుకుని, వాగుడుకాయని చూస్తూ, "తూ" అంది. చూపించి చెప్పు, నన్ను చూపించి చెప్పు అని.

"ఉస్తెద్ ఎస్ మాయెస్త్రా" అంది వాగుడుకాయ వినయంగా.

టక్. "తూ."

"అమ్మా, మీరు పెద్దవారు. టీచరుగారు. మిమ్మల్ని నువ్వంటే నా నోరు పడిపోతుంది. ఉస్తెద్, ఉస్తెద్ ఎస్."

"తూ!"

"ఉస్తెద్."

మూగమ్మ చెంచాని కంచంలో పెట్టేసింది. మొహం గోడవైపు తిప్పుకుంది. ఇంక వాగుడుకాయ యో సోయ్ అన్నా, తప్పుల తడకగా పాఠమంతా చెప్పినా, కమ్మీ మోగలేదు. గంజి పట్టుకెళ్తే పెదాలు బిగించింది. రేపే శుక్రవారం.

సాయంత్రం మేనకోడలు వచ్చి, జరిగిందంతా విని, అత్తయ్య వీపు వైపు చూసింది.

"మామయ్య బయటినుంచి రాగానే చెప్పులు విప్పుతూ, 'తూ!' అని కేకేసేవాడు. మాకు భలే నవ్వొచ్చేది. లోపల్నుంచి అత్తయ్య ఏదో అనేది. మిగతా మేమందరం అత్తయ్యా అనీ, మీరు అనీ. మామయ్య పోయాక, ఆవిణ్ణి అలా పిలిచినవాళ్ళు..." మేనకోడలు జారిన దుప్పటిని అత్తయ్య భుజం మీదికి లాగింది.

వాగుడుకాయకి ఉన్నట్టుండి తన తల్లి గుర్తొచ్చింది. తల్లి ఉన్నన్నాళ్ళూ "ఒసే, ఎక్కడ చచ్చావే" అనే పిలిచేది. మొగుడి ముందూ అంతే, పదిమందిలోనూ అంతే. ఎంత సిగ్గేసేదో! తల్లి పోయిన తర్వాత ఈ లోకంలో ఆమెని ఒసే అన్నవాళ్ళు లేరు. అక్కా, వదినా, పిన్నీ, ఆయా, అన్నీ ఉన్నాయి. ఆ ఒక్కటి లేదు. దానికోసం ఒక్కోసారి వంటింట్లో నించుని ఏడ్చిన సంగతి భర్తకి కూడా తెలియదు.

అంత గౌరవంగా తను అన్న మీరు, ఆవిడకి తలుపు మొహాన వేసినట్టు తగిలిందన్నమాట.

*

శుక్రవారం డాక్టరు వచ్చాడు. కుర్రవాడే. మర్యాదగా కుర్చీ లాక్కుని, మంచానికి దగ్గరగా కూర్చున్నాడు. ఒకపక్క పెద్ద సిస్టరు, ఒకపక్క సెలవు పెట్టుకుని వచ్చిన మేనకోడలు. కాళ్ళ దగ్గర వాగుడుకాయ.

"అమ్మా, మీ పేరేమిటి?"

మూగమ్మ గోడవైపే ఉంది.

"ఇది ఏ నెల? పోనీ, ఇది పొద్దునా, సాయంత్రమా? నేనెవరిని?"

గోడ మీద ఎండ పడుతోంది. ఆవిడ దాన్ని చూస్తోంది. డాక్టరు నిట్టూర్చి కలం మూత తీశాడు. అన్నేళ్ళు ఆపకుండా వాగిన నోరు, ఆ క్షణాన వాగుడుకాయకి ఎండిపోయింది. కలం కాగితానికి ఆనబోయింది.

వాగుడుకాయ డాక్టరు కుర్చీ పక్కనుంచి దూరి, గోడకీ మంచానికీ మధ్య ఉన్న సందులోకి వెళ్ళి, ఆవిడ మొహానికి ఎదురుగా నించుంది. పెద్దవాళ్ళ మొహం మీదికి వేలు చూపించడం ఆమె ఎరగదు. చూపించింది.

"తూ" అంది. "తూ ఎరెస్..."

మిగతాది చెప్పలేదు. చెప్పలేకపోయింది. కళ్ళు తుడుచుకుంటూ అలాగే వేలు చాపి నించుంది.

మూగమ్మ ఆమెని చూసింది. ఆ చూపులో తప్పులు వెతికే తీక్షణత లేదు. చెప్పుల చప్పుడు విని, వాకిట్లోకి వచ్చిన మనిషి చూపు. ఎడమచెయ్యి మెల్లగా లేచి గుండె మీద ఆనింది.

"యో సోయ్ మాయెస్త్రా."

"టీచర్నంటున్నారండీ" అంది వాగుడుకాయ, ఏడుస్తూ నవ్వుతూ.

"క్యాసెట్ పాఠమండీ" అంది పెద్ద సిస్టరు మెల్లగా. ఎందుకన్నానా అన్నట్టు తల దించుకుంది కూడా.

అప్పుడు మూగమ్మ తల ఇటు తిప్పింది. డాక్టరు తెల్లకోటు చూసింది, మెడలో గొట్టం చూసింది. చెంచా కోసం బల్ల తడిమింది. వాగుడుకాయ అందించింది. చెంచా డాక్టరు వైపు తిరిగింది.

"ఉస్తెద్" అంది ఆవిడ. "ఉస్తెద్ ఎస్ మెదికో."

మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మీరు డాక్టరు అంటున్నారండీ!" అంది వాగుడుకాయ. " నువ్వు కాదండీ, మీరు! నన్నైతే నువ్వంటారు, నాచేత నువ్వనిపించుకుంటారు. మిమ్మల్ని మాత్రం మీరన్నారు. ఎవరు ఎవరో, ఎవర్ని ఎలా అనాలో ఆవిడకి తెలుసండీ. ఏ చిలకకి తెలుస్తుందండీ అంత మర్యాద?"

డాక్టరు కలం పట్టుకునే ఉన్నాడు. ఆవిడ అతన్ని వదల్లేదు. చెంచాతో అతని గుండె చూపించి, "యో" అంది. ఎదురుచూసింది.

"మీరు చెప్పాలండీ" అంది వాగుడుకాయ.

"యో..." అన్నాడు డాక్టరు. "యో ఎస్ మెదికో."

టక్!

అంత పెద్ద చదువు చదివినవాడు కుర్చీలో ఉలిక్కిపడ్డాడు. "సోయ్" అంది ఆవిడ. "సోయ్" అన్నాడు. "యో సోయ్ మెదికో." ఆవిడ పెదవి ఎడమపక్క కాస్త లేచింది. డాక్టరు మొహం, మార్కులు పడ్డ పిల్లాడిలా విప్పారింది. వచ్చింది ఎవరు ఎవర్ని పరీక్ష చెయ్యడానికో గదిలో ఎవరికీ గుర్తులేనట్టుంది.

అతను కలం మూత పెట్టేశాడు.

"ఈవిడ మంచం ఇక్కడే ఉంచండి" అన్నాడు పెద్ద సిస్టరుతో. "నాదే తొందరపాటు. ఆ భాష వచ్చినవాళ్ళని వెతికించే బాధ్యత నాది." లేచి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి ఆవిడకి నమస్కారం పెట్టాడు.

పెద్ద సిస్టరు మంచం దగ్గరే ఆగింది. పడిపోయిన కుడిచేతిని సర్ది, దిండు మీద సరిగ్గా పెట్టింది. "ఇవాళ్టినుంచి వార్డులో టీచరమ్మ అనే అనాలి, అందరికీ చెప్పు" అంది వాగుడుకాయతో. "నువ్వైతే చెప్పకుండా ఎలాగూ ఉండలేవు."

*

సాయంత్రం మేనకోడలు వెళ్ళాక వాగుడుకాయ తల దువ్వడానికి కూర్చుంది. చివర్ల నుంచి పైకి, కుదుళ్ళు పట్టుకుని. ఎండ గోడ మీంచి దిగి దుప్పటి మీదికి వచ్చింది. పొద్దుటినుంచీ జరిగింది తలుచుకుంటే ఆమెకి ఇంకా నమ్మకం కుదరడం లేదు. సగం పాడైన క్యాసెట్, గుప్పెడు మాటలు, ఒక మనిషిని పై అంతస్తు మెట్లమీంచి వెనక్కి పట్టుకొచ్చాయి. మాటంటే ఇంతుందా! రోజూ బకెట్లకీ చీపుళ్ళకీ పారబోసే తన మాటల్లో ఎంత బలం వృథాగా పోతోందో అనుకుంది.

"తూ" అంది టీచరమ్మ.

"ఆఁ, చెప్పండమ్మా."

టీచరమ్మ తల తిప్పి, చెంచా కొస ఆమె గుండెకి ఆనించింది. "తూ ఎరెస్..." అని ఆగింది. నువ్వెవరివే అని.

ఇన్నాళ్ళకి ఎవరో అడిగారు. ఆయా అన్నదానికి ఆ భాషలో ఏమంటారో క్యాసెట్ చెప్పలేదు. పసిబిడ్డ కేరింతల కింద ఎక్కడో పోయింది. వాగుడుకాయ దువ్వెన ఒళ్ళో పెట్టుకుని కాస్త ఆలోచించింది.

"యో సోయ్ వాగుడుకాయ" అంది.

టీచరమ్మ కనుబొమ్మలు ముడిపడ్డాయి. పెదాలు కదిపి చూసుకుంది. జబ్బు పడ్డాక మన భాషలో ముక్క ఒక్కటి పలికింది లేదు ఆవిడ. అన్నం లేదు, నీళ్ళు లేవు, కన్న ఊరు కాకపోయినా బతికిన ఊరి పేరు లేదు.

"బా..." అంది. "బాగు... బాగుదుకాయా. తూ ఎరెస్ బాగుదుకాయా."

వాగుడుకాయ ఒళ్ళోని దువ్వెన పక్కన పెట్టింది. ఆవిడ చేతిలోని చెంచాని మెల్లగా తీసుకుని, కమ్మీ మీద టక్కుమని కొట్టింది.

"బా కాదే తల్లీ. వా. వాగుడుకాయ. ఏదీ, మళ్ళీ అను."

టీచరమ్మ పెదవి ఎడమపక్క లేచింది. బుద్ధిగా ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదలుపెట్టింది.